హైకోర్టు వచ్చింది.. పేషీల గోస పోలేదు

(న్యాయవాదులు, ఉద్యోగులు, విద్యార్థుల సదస్సులో ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



నేను వకీలును కాను. జడ్జిని అంతకన్నా కాను. కోర్టు ఆఫీసులో కాపీయిస్టుగా చేరి, బెంచి క్లర్కుగా పనిచేసి, సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని. తీర్పుల మంచిచెడ్డలు మాట్లాడే అర్హత నాకు లేదు. తీర్పు దాకా కాగితం ఎట్ల నడుస్తదో, ఎక్కడ ఆగుతదో మాత్రం తెలుసు. ఇయ్యాల ఆ సంగతే మీ ముందు పెడతాను.

రిటైరైనా పొద్దున కోర్టు దిక్కు పోయే అలవాటు నాకు పోలేదు. ఈ మధ్య ఒకరోజు కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ఒక అవ్వ కూర్చుని ఉంది. చేతిలో బట్టల దుకాణం సంచి. దాంట్లో పాత పాసుబుక్కు, నోటీసులు, వాయిదా తారీఖులు రాసిన చీటీలు. పొద్దున ఆరింటికి బస్సెక్కిందట. మధ్యాహ్నం రెండున్నర దాటింది. ‘సారూ, నా పేరు పిలిచిండ్రా?’ అని అడిగింది. లోపలికి పోయి చూసి వచ్చాను. పిలవలేదు. ఆ రోజు జడ్జి గారు సెలవు. ఆ సంగతి ఆఫీసుకు ముందురోజు సాయంత్రమే తెలుసు. అవ్వకు తెలిపే ఏర్పాటు మాత్రం ఎవరి దగ్గరా లేదు. కొత్త తారీఖు చీటీ మీద రాసి ఇచ్చాను. దాన్ని మిగతా చీటీల మీద పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, ‘తెలంగాణ వస్తే మన కోర్టు మనకొస్తదన్నరు గద బిడ్డా’ అన్నది. ఆమె మాటలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ అవ్వకు మనం జవాబు చెప్పాలి. ఉద్యమంలో జెండా పట్టిన ప్రతి ఒక్కరూ చెప్పాలి.

కొట్లాడి తెచ్చుకున్నవి

ముందు మనం ఏం సాధించామో గుర్తు చేసుకుందాం. హైదరాబాద్ రాష్ట్రానికి సొంత హైకోర్టు ఉండేది. మూసీ ఒడ్డున ఇప్పటికీ నిలబడి ఉన్న ఆ ఎర్రరాతి భవనాన్ని 1920 ఏప్రిల్ 20న ప్రారంభించారు. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు 1954 నుంచి గుంటూరులో నడిచింది. 1956 నవంబరులో రెంటినీ కలిపి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చేశారు. ఊరు మనదే, భవనం మనదే. అయినా ఆ భవనంలో మన వాటా ఎంత అని మనమే అడగవలసిన రోజులు వచ్చాయి. ప్రభుత్వ న్యాయవాదుల పోస్టుల్లో 42 శాతం కావాలని 2010 సెప్టెంబరులో మన న్యాయవాదులు హైకోర్టు ఆవరణలోనే ఆందోళనకు దిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. హైకోర్టు మాత్రం రాలేదు. విభజన చట్టంలో ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు ఉంటుందని రాశారు గాని ఎప్పటిలోగా అన్నది రాయలేదు. 2016లో న్యాయాధికారుల తాత్కాలిక కేటాయింపు జాబితా బయటకు రాగానే కిందికోర్టు జడ్జీలు సైతం రోడ్డెక్కారు. నల్లకోటు వేసుకుని బెంచి మీద కూర్చునేవాళ్లు సామూహిక సెలవు పెట్టడం ఈ దేశం ఎన్నడు చూసింది? 11 మందిని సస్పెండ్ చేశారు, తర్వాత ఎత్తివేశారు. చివరికి 2018 డిసెంబరు 26న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. 2019 జనవరి 1 నుంచి తెలంగాణకు తెలంగాణ హైకోర్టు. రాష్ట్రం వచ్చిన నాలుగేళ్ల ఏడు నెలలకు!

ఆ తర్వాత 2021 జూన్‌లో హైకోర్టు జడ్జీల పోస్టులను 24 నుంచి 42కు పెంచారు. 2022 జూన్ 2న కొత్త జ్యుడీషియల్ జిల్లాలు మొదలయ్యాయి. పాత పది జిల్లాల లెక్కన నడిచిన వ్యవస్థ 33 జిల్లాలకు విస్తరించింది. ఆసిఫాబాద్ మనిషి ఆదిలాబాద్‌కు, భూపాలపల్లి మనిషి వరంగల్‌కు పోయే బాధ తగ్గింది. ఇవి చిన్న విషయాలు కావు. ఎవరూ దయతలచి ఇచ్చినవీ కావు.

బోర్డు మార్చితే అయిపోయిందా?

కానీ మిత్రులారా, బోర్డు మీద పేరు మార్చుకున్నాం. బోర్డు కింద జరిగే పని మారిందా? ఇది అడగకపోతే మన ఉద్యమం సగంలో ఆగినట్టే.

ఒక కోర్టు నడవాలంటే నాలుగు కావాలి. జడ్జి, సిబ్బంది, కాగితం, తారీఖు. జడ్జి తీర్పు చెప్తారు. మిగతా మూడూ ఆఫీసు నడిపిస్తుంది. మనం ఎప్పుడు కోర్టుల గురించి మాట్లాడినా జడ్జి గురించే మాట్లాడతాం. జనం గోస ఎక్కువగా పుట్టేది ఆ మిగతా మూడింట్లోనే.

దీనికి బాధ్యులెవరు అని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్తారు. రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం జిల్లా కోర్టులు, వాటి కింది కోర్టుల మీద అజమాయిషీ హైకోర్టుది. పోస్టులు మంజూరు చేసేది, పైసలిచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. హైకోర్టు దిక్కు అడిగితే ‘ప్రతిపాదన పంపినం, సర్కారు మంజూరు చేయలే’ అంటారు. సర్కారు దిక్కు అడిగితే ‘న్యాయవ్యవస్థ స్వతంత్రమైంది, మేం జోక్యం చేసుకోం’ అంటారు. స్వతంత్రతను కాపాడాలె, కాదనేది లేదు. అయితే సమన్లు ఇచ్చే జవాను పోస్టు ఖాళీగా పెడితే స్వతంత్రత పెరుగుతదా? స్టెనో లేక తీర్పు టైపు కాకపోతే స్వతంత్రత నిలుస్తదా?

దావా ఎక్కడెక్కడ ఆగుతుంది

మన ఊళ్లో మామూలుగా పడే ఒక భూమి దావా తీసుకుందాం. అన్నదమ్ముల పంపకం అనుకోండి.

దావా వేసిన రోజునే నంబరు పడదు. ఆఫీసు తనిఖీ చేసి లోపాలు రాసి తిప్పి పంపుతుంది. ఒక లోపం సరిచేసి తెస్తే ఇంకొకటి చెప్తారు. అన్ని లోపాలూ ఒకేసారి రాసి ఇవ్వాలన్న చిన్న క్రమశిక్షణ ఉంటే ఇక్కడే ఎన్నో రోజులు మిగులుతాయి.

నంబరు పడింది. ఇక సమన్లు. నేను పనిచేసిన ఒక చోట, ఏ కోర్టో చెప్పను, మూడు నాలుగు మండలాలకు ఒక్కడే ప్రాసెస్ సర్వరు. పాపం, బస్సులో పోయి, బస్సు దిగి నడిచి, ఇంటికి తాళం ఉందని రాసుకుని వచ్చేవాడు. కాగితం తిరిగి రావడం, మళ్లీ బత్తా కట్టడం, మళ్లీ పంపడం. అవతలివాడు సమన్లు అందకుండా తప్పించుకోవడమే సగం కేసు గెలిచినట్టు. 2002 నుంచి అమలులో ఉన్న సవరణలతో కొరియరు ద్వారా పంపవచ్చు, కోర్టు అనుమతిస్తే వాది తానే తీసుకుపోయి దస్తీగా ఇవ్వవచ్చు. చట్టంలో దారి ఉంది. ఆ దారిలో నడిచే అలవాటు ఆఫీసులకు కాలేదు.

ప్రతివాది వచ్చాడు. జవాబు దావాకు 30 రోజులు, కారణం చూపితే 90 రోజులు. ఇది కదలని గడువు కాదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. న్యాయం కోసం ఇచ్చిన ఆ వెసులుబాటు మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే రాసి ఉంది. ఆ అవ్వ సంచిలో ఎన్ని చీటీలున్నాయో ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ ఆ నిబంధన చదవండి.

సాక్ష్యం, వాదన, తీర్పు. వాదన అయ్యాక 30 రోజుల్లో, ప్రత్యేక కారణాలుంటే 60 రోజుల్లో తీర్పు ఇవ్వాలి. తీర్పు వచ్చాక నకలు కావాలి. నకలు లేనిదే అప్పీలు లేదు. కాపీయింగ్ సెక్షన్‌లో కూర్చున్నవాడిగా చెప్తున్నాను, అక్కడ ఆలస్యమైన ప్రతి రోజూ ఎవరో ఒక పేదవాడి జేబులోంచి పోయే రోజు.

డిక్రీ చేతికి వచ్చింది. భూమి వచ్చిందా? రాలేదు. అమలు పిటిషన్ వేయాలి. మళ్లీ నోటీసు, మళ్లీ వాయిదా, మళ్లీ అమీను, మళ్లీ పోలీసు సాయం. అమలు పిటిషన్లు ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2025లో అన్ని హైకోర్టుల నుంచి లెక్కలు తెప్పించుకుని చూస్తే దేశంలో 8 లక్షల 82 వేల పైచిలుకు అమలు పిటిషన్లు పెండింగులో ఉన్నట్టు తేలింది. అంటే గెలిచినవాళ్లు అన్నమాట! ఓడినవాళ్ల బాధ వేరు. గెలిచి కూడా చేతికి ఏమీ రానివాళ్ల లెక్క ఇది.

తారీఖు వేసే పద్ధతి

ఇప్పుడు తారీఖు సంగతి. ఒక రోజు జాబితాలో ఎన్ని కేసులు వేయాలి? జడ్జి వినగలిగినన్ని. ఇది చదువు రానివాడు కూడా చెప్పగలడు. జరిగేది వేరు. బెంచి క్లర్కుగా నేనూ చేశాను ఆ పని. ఏ తారీఖున ఎన్ని ఉన్నాయో చూడకుండా, వరసగా వేసుకుంటూ పోయేవాళ్లం. పొద్దున పదిన్నరకు హాలు బయట సంతలాగా జనం. పేరు పిలవడానికే పూట గడిచేది. సాక్షులు వచ్చి, కూర్చుని, సాయంత్రం బస్సుకు తిరిగి పోయేవాళ్లు. వచ్చిన సాక్షిని రెండోసారి పిలిస్తే రాడు. వచ్చినా మొదటిసారి గుర్తున్నది రెండోసారి గుర్తుండదు. దెబ్బ తగిలేది న్యాయానికే.

ఒకసారి కొత్తగా వచ్చిన ఒక జడ్జి గారు నన్ను పిలిచి, ‘రేపటి నుంచి సాక్ష్యానికి రోజుకు ఇన్నే కేసులు వేయండి. మిగతావి ఏ దశలో ఉన్నాయో విడదీసి వేర్వేరు రోజులు ఇవ్వండి. సాక్షి వస్తే వినకుండా పంపించేది లేదు’ అన్నారు. మొదటి నెల మా ఆఫీసు అంతా సణిగింది. వకీళ్లు కూడా సణిగారు. నాలుగో నెలకు హాలు బయట గుంపు పలచబడింది. కొత్త పోస్టు రాలేదు, కొత్త భవనం రాలేదు, ఒక్క పైస ఖర్చు కాలేదు. ఆయన బదిలీ అయ్యారు. మళ్లీ పాత కథే. ఒక మనిషి మంచితనం మీద నిలబడ్డ పద్ధతి ఆ మనిషితోనే పోతుంది. పద్ధతి నిబంధనగా మారితేనే నిలుస్తుంది.

ఆ నిబంధన కూడా కొత్తగా కనిపెట్టవలసింది కాదు. ఉమ్మడి హైకోర్టులో జడ్జిగా పనిచేసి సుప్రీంకోర్టుకు పోయిన జస్టిస్ ఎం.జగన్నాథరావు గారి కమిటీ కేసుల నిర్వహణకు నమూనా నియమావళి తయారు చేసింది. సేలం బార్ అసోసియేషన్ కేసులో 2005లో సుప్రీంకోర్టు దాన్ని హైకోర్టుల ముందు పెట్టింది. దాంట్లో ఏముంది? వచ్చిన దావాలను రకాన్ని బట్టి నాలుగు దారుల్లో పెట్టాలి. విడాకులు, పిల్లల సంరక్షణ, మనోవర్తి లాంటివి మొదటి దారి. 9 నెలల్లో తేల్చాలి. చెక్కులు, పత్రాల మీద ఆధారపడ్డ కేసులు రెండో దారి, 12 నెలలు. భూమి పంపకాలు లాంటివి మూడో దారి, మిగిలినవి నాలుగో దారి, 24 నెలలు. ఏ కేసు ఏ దారిలో ఉందో, గడువు దాటిందో లేదో ఆఫీసు చూసి జడ్జికి చెప్పాలి.

ఇరవై ఏళ్లు దాటింది. మన అవ్వ కేసు ఏ దారిలో ఉందని ఏ కోర్టు ఆఫీసునన్నా అడిగి చూడండి.

కోర్టు మేనేజరు ఎక్కడ?

ఇప్పుడు ఉద్యోగ మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. ‘జడ్జి కేసులు వినాలా, కుర్చీలు, కంప్యూటర్లు, ఖాళీలు, మరుగుదొడ్లు చూడాలా?’ సరైన ప్రశ్న. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసే డాక్టరుతోనే మందుల స్టోరు లెక్క కూడా రాయిస్తే ఎట్లుంటది? జిల్లా జడ్జి గారి పొద్దు చాలా మటుకు అట్లనే గడుస్తది.

దీనికోసమే 13వ ఆర్థిక సంఘం 2010 నుంచి 2015 వరకు దేశమంతటి న్యాయవ్యవస్థ మెరుగుదలకు 5,000 కోట్లు సిఫారసు చేసింది. ఉదయం, సాయంత్రం కోర్టులు, లోక్ అదాలత్‌లు, శిక్షణతో పాటు, మేనేజ్‌మెంట్ చదివిన కోర్టు మేనేజర్లను నియమించాలని చెప్పింది. ఆ ఐదేళ్ల గ్రాంటు అయిపోగానే చాలా రాష్ట్రాల్లో మేనేజర్లు కాంట్రాక్టు దినాలు లెక్కపెట్టుకునే స్థితికి వచ్చారు. 2025 మేలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, కోర్టు మేనేజర్ల నియామకాలకు, సర్వీసుకు నియమావళి రూపొందించాలని హైకోర్టులను ఆదేశించింది. ఎంబీఏ చదివి కొలువు కోసం కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీ నియామకాల సమస్య కూడా. 33 జిల్లాలకూ రెగ్యులర్ పోస్టులు అడగండి.

జడ్జీల లెక్క సంగతి కూడా ఒక్క మాట. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలు ఉండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. అయిదేళ్లలో ఆ సంఖ్యకు తేవాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. కేంద్రం ఇటీవల పార్లమెంటుకు చెప్పిన లెక్క 21 దగ్గరే ఉంది. అదీ మంజూరైన పోస్టుల లెక్క. కూర్చున్న మనుషుల లెక్క ఇంకా తక్కువ.

చట్టం చేసేదొకరు, బరువు మోసేదొకరు

పోస్టుల కొరత ఒక ఎత్తు. దాని మీద సర్కార్లు తెచ్చి పడేసే బరువు ఇంకో ఎత్తు.

2020లో ధరణి వచ్చింది. అదే ఏడాది చేసిన పాసుపుస్తకాల చట్టంతో రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. రికార్డులో పేరు తప్పిన రైతు తహసీల్దారు దగ్గరకు పోతే ‘నా చేతిల లేదు, సివిల్ కోర్టుకు పో’ అన్నారు. సరే, పోయిండు. ఆ కోర్టులో అదనంగా ఒక్క జడ్జినన్నా, ఒక్క క్లర్కునన్నా వేశారా? 2025లో భూభారతి చట్టం వచ్చి అధికారుల దగ్గర అప్పీళ్లను మళ్లీ తెచ్చింది. మధ్యలో కోర్టు మెట్లెక్కిన రైతులు ఆ మెట్ల మీదనే ఉన్నారు.

ఉద్యోగ మిత్రులారా, మీ సంగతే చూడండి. మన ప్రమోషన్లు, సీనియారిటీ, పెన్షన్ తగాదాలు వినడానికి అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉండేది. 2016 సెప్టెంబరులో తెలంగాణ వరకు దాన్ని రద్దు చేశారు. ట్రిబ్యునల్ పనితీరు మీద మనకే ఎన్నో ఫిర్యాదులుండేవి, నిజం. రద్దు తప్పా ఒప్పా అనేది వేరే చర్చ. అక్కడి కేసులన్నీ హైకోర్టు మీద పడ్డాయి. పోస్టులు పెరిగింది ఐదేళ్ల తర్వాత, 2021లో. ఈ లోపల రిటైరై, బకాయి చేతికి రాకముందే పోయినవాళ్లు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. ఎలక్ట్రానిక్ సమన్లు, వాయిదాలకు రెండంటే రెండే అన్న హద్దు, అంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే, కొన్ని మినహాయింపులతో, బాండు మీద విడుదల. కాగితం మీద మంచిదే. ఆ మూడో వంతు ఎప్పుడు పూర్తయిందో తారీఖు లెక్కగట్టి కోర్టుకు దరఖాస్తు పంపవలసింది జైలు సూపరింటెండెంటు. ఆ లెక్క ఒక్కరోజు ఆలస్యమైతే ఒక పేదవాడు ఒక్కరోజు ఎక్కువ జైల్లో ఉంటాడు.

చట్టం చేసేటప్పుడే దాని వల్ల కోర్టుల మీద ఎంత భారం పడుతుందో లెక్కగట్టి, దానికి తగ్గ పైసలు కేటాయించాలని 2008లోనే ఒక టాస్క్‌ఫోర్స్ నివేదిక ఇచ్చింది. దానికి అధ్యక్షుడు కూడా ఆ జగన్నాథరావు గారే. మన అసెంబ్లీలో ఏ బిల్లు పెట్టినా ఈ లెక్క అడిగే సభ్యుడు ఒక్కరన్నా ఉండొద్దా?

కంప్యూటర్ వచ్చింది, మనిషి కావాలి

మంచి జరిగిన చోట మంచి చెప్పుకోవాలి. ఈ-కోర్టుల ప్రాజెక్టు వల్ల ఇయ్యాల ప్రతి కేసుకు 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు ఉంది. ఆ నంబరుతో ఫోనులోనే తదుపరి తారీఖు చూడొచ్చు. నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్‌లో ఏ జిల్లాలో ఎన్ని కేసులు ఎన్నేళ్లుగా ఉన్నాయో ఎవరైనా చూడొచ్చు. నేను చేరిన రోజుల్లో ఈ లెక్క కోసం రిజిస్టర్లు మోసి మోసి భుజాలు పడిపోయేవి. మూడో దశకు కేంద్రం 2023లో 7,210 కోట్లు ఆమోదించింది.

అయితే కంప్యూటర్‌లో ఎక్కించేది ఎవరు? అదే క్లర్కు. పాత రిజిస్టరు రాసుడు తప్పలేదు, కొత్త ఎంట్రీ మీద పడ్డది. రెండు పనులకు ఒక మనిషి. ఒత్తిడిలో తప్పు దశ ఎక్కిస్తే ఆ కేసు లెక్కలోనే తప్పిపోతుంది. ఇంకో సంగతి, ఫోను చూడరాని అవ్వకు సీఎన్ఆర్ ఏం చేస్తుంది? జడ్జి సెలవైతే ముందురోజే తెలుగులో ఒక మెసేజి పోవాలి. మెసేజి చదవరానివాళ్లకు చెప్పడానికి గేటు దగ్గర ఒక సహాయ కేంద్రం, దాంట్లో మన భాష మాట్లాడే ఒక మనిషి ఉండాలి.

భాష అన్నాను కాబట్టి చెప్తున్నాను. 2023 జూన్‌లో మన హైకోర్టు ధర్మాసనం ఒక భూమి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. మనమంతా సంబురపడ్డాం. ఆ తీర్పు పండుగ రోజు పిండివంట లాగా మిగిలిపోకూడదు. కనీసం కింది కోర్టుల్లో సమన్లు, నోటీసులు, వాయిదా చీటీలు జనానికి అర్థమయ్యే తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో రావాలి.

మన తప్పు కూడా ఒప్పుకుందాం

కోర్టుల గురించి బహిరంగంగా మాట్లాడితే ధిక్కారం కాదా అని ఒక మిత్రుడు పొద్దున అడిగాడు. ఒక కేసులో తీర్పు ఇట్ల ఇయ్యి అని ఒత్తిడి తేవడం తప్పు. కోర్టుకు సిబ్బంది ఇవ్వండి, నకలు త్వరగా ఇవ్వండి, తారీఖు మర్యాదగా ఇవ్వండి అని అడగడం పన్ను కట్టేవాడి హక్కు.

మనల్ని మనం కూడా అడుగుకోవాలి. ఉద్యమ కాలంలో కోర్టుల బహిష్కరణలు జరిగాయి. ఆనాడు అది మన ఆయుధం. ఆ ఆయుధం దెబ్బ జైల్లో ఉన్న విచారణ ఖైదీకి, మనోవర్తి కోసం వచ్చిన ఆడబిడ్డకు కూడా తగిలింది. లక్ష్యం పెద్దది కాబట్టి జనం ఓర్చుకున్నారు. రాష్ట్రం వచ్చాక కూడా చీటికిమాటికి విధుల బహిష్కరణ అంటే జనం ఓర్వరు, ఓర్వనవసరం లేదు. న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. వాయిదా అడగడాన్నే వ్యూహంగా చేసుకున్న వకీళ్లు, టేబుల్ కింద చేయి పెట్టే నా పాత సహోద్యోగులు కూడా ఈ గోసలో భాగస్తులే. ఈ మాట చెప్పకుండా నేను సర్కారును మాత్రమే తిడితే నా మాటకు విలువ ఉండదు.

ఏం అడగాలి?

రాజేంద్రనగర్ దిక్కు హైకోర్టు కొత్త భవనాలకు 100 ఎకరాలు ఇచ్చి, 2024 మార్చి 27న శంకుస్థాపన చేశారు. ఆ భూమి మీద విశ్వవిద్యాలయం విద్యార్థులు కొట్లాడారు. హైకోర్టుకు మంచి భవనం అవసరమే. మరి మండల కేంద్రం నుంచి వచ్చిన మనిషికి కూర్చోను బెంచీ, తాగను నీళ్లు, ఆడవాళ్లకు తాళం పడని మరుగుదొడ్డి ఎప్పుడు? వందెకరాల గురించి ఎంత మాట్లాడుతామో ఈ బెంచీ గురించి అంత మాట్లాడాలి.

నా వైపు నుంచి ఈ డిమాండ్లు మీ ముందు పెడుతున్నాను. మీ సంఘాల్లో చర్చించండి.

1. కేసులను దారులుగా విడదీసి గడువు పెట్టే నియమావళిని ప్రతి కోర్టులో అమలు చేయాలి. గడువు దాటిన కేసుల జాబితా ప్రతి మూడు నెలలకు నోటీసు బోర్డు మీద పెట్టాలి.

2. కోర్టు సిబ్బంది ఖాళీలు ఎన్ని, ఎప్పటిలోగా నింపుతారో హైకోర్టు, ప్రభుత్వం కలిసి ఏటా క్యాలెండరు ప్రకటించాలి. ప్రాసెస్ సర్వర్లు, స్టెనోలు, కాపీయిస్టులు మొదటి వరుసలో ఉండాలి.

3. ప్రతి జ్యుడీషియల్ జిల్లాకు రెగ్యులర్ కోర్టు మేనేజరు ఉండాలి.

4. నకలు ఎన్ని రోజుల్లో ఇస్తారో రాసి పెట్టాలి. దాటితే కారణం రాసి ఇవ్వాలి.

5. అమలు పిటిషన్లకు వారంలో ప్రత్యేక రోజులు కేటాయించాలి.

6. జడ్జి సెలవు, వాయిదా మార్పు సమాచారం ముందురోజే కక్షిదారుకు తెలుగులో, ఉర్దూలో అందాలి.

7. కోర్టుల మీద భారం వేసే ప్రతి బిల్లుతో పాటు దానికి కావలసిన పోస్టుల, పైసల లెక్క అసెంబ్లీలో పెట్టాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తాను. లా చదివే పిల్లలు నెలకు ఒక్కరోజు మీ జిల్లా కోర్టుకు పోయి చెట్టు కింద కూర్చున్నవాళ్లకు సీఎన్ఆర్ నంబరు చూసి పెట్టండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం చట్టంలోనే ఉందని, 15100కు ఫోను చేయొచ్చని చెప్పండి. ఒక్కొక్కరి వాయిదాలు లెక్కపెట్టి రాయండి. ఎక్కడెక్కడ కాగితం ఆగిందో రాయండి. నీళ్ల లెక్కలు, నిధుల లెక్కలు, నియామకాల లెక్కలు రాసి రాసి మనం రాష్ట్రం తెచ్చుకున్నాం. లెక్క చేతిలో ఉన్నవాడిని ఎవరూ తోసేయలేరు. ఈ వాయిదాల లెక్క కూడా రాద్దాం.

ఆ అవ్వ కొత్త తారీఖు చీటీ సంచిలో పెట్టుకుని బస్టాండుకు పోయింది. ఆ తారీఖున నేను మళ్లీ పోతాను. ఆ రోజు ఆమె పేరు పిలవాలె, ఆమె మాట వినాలె. అదే జరిగితే మన కోర్టు మనకొచ్చిందని ఆమెకు నేను నమ్మకంగా చెప్పగలను. అప్పటిదాకా ఈ కొట్లాట ఆగకూడదు.



జై తెలంగాణ!